చేపముల్లు కాలువ

అనగనగా, ఒక పెద్ద నది నడిచి నడిచి, అలిసిపోయి, సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి. మడ అడవి అంటే మన మామిడితోటలా ఉంటుందనుకునేరు. అస్సలు కాదు! అక్కడ నేలంతా బురద. నీళ్ళన్నీ ఉప్పన. చెట్ల వేళ్ళు మట్టిలో దాక్కోకుండా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. రోజుకి రెండుసార్లు సముద్రం లోపలికొస్తుంది. దాన్ని పోటు అంటారు. రెండుసార్లు వెనక్కి పోతుంది. దాన్ని పాటు అంటారు.

నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను పడవలో కూర్చోబెట్టి ఈ కథ చెప్పింది. పాటు తీసేసరికి మా పడవ బురదలో కూరుకుపోయింది. మళ్ళీ పోటు వస్తేనే కదులుతుంది. ఆలోపు కథ అయిపోవాలి. అందుకని మధ్యలో ప్రశ్నలు అడగనిచ్చేది కాదు. మీరూ అడక్కండి మరి.

ఆ అడవి నడిమధ్యలోంచి ఒక పాయ పారేది. పాయలో నీటికుక్కలు ఉండేవి. మొరిగే కుక్కలు కావర్రా! నున్నటి ఒళ్ళు, బారు మీసాలు, ఈతలో చేపనే ఓడించే జంతువులు. చెట్ల మీద కొంగలు ఉండేవి. ఈ రెండు జాతులకీ తాతముత్తాతల నాటి పొత్తు. ఒకరినొకరు బావా అంటే బావా అని, వదినా అంటే వదినా అని పిలుచుకునేవారు.

చేపల వేట కూడా కలిసే. నీటికుక్కలు బారుగా ఈదుతూ చేపల్ని ఒడ్డుకి తోలేవి. ఒడ్డున కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉండేవి. ఒడ్డుకొచ్చిన చేప కొంగలకి. కొంగ కాలు చూసి బెదిరి వెనక్కి తిరిగిన చేప నీటికుక్కలకి.

"ఏం బావా, పొద్దున్నే ఒంటికాలి మీద తపస్సా? ఏ వరం కోసం?" అని నీటికుక్కలు వెక్కిరించేవి.

"మా బావ మీసాలకి ఒక దువ్వెన ఇప్పించు దేవుడా అని అడుగుతున్నాన్లే!" అని కొంగలు తిప్పికొట్టేవి.

ఇంకో మంచి ఆచారం కూడా ఉండేది. అమావాస్యకి పెద్ద పోటు వస్తుంది కదా. ఆ రోజు పట్టిన మొదటి చేపని ఎవరూ నోట్లో వేసుకునేవారు కాదు. నీటికుక్కలు తమ చేపని కొంగలకిచ్చేవి. కొంగలు తమ చేపని నీటికుక్కలకిచ్చేవి. దాన్ని పోటుచేప అనేవారు. "ఒకటిచ్చి ఒకటి పుచ్చుకుంటే ఎవరికేం మిగిలిందే అమ్మా?" అని నేను అడిగాను. "నోర్మూసుకుని విను, పోటొచ్చేస్తుంది," అంది మా అమ్మ.

అబ్బ, ఆ రోజులేమి రోజులు! తెల్లమడ పూలు పూస్తే అడవంతా తేనెటీగల పాటే. పాటు తీయగానే బురదలో ఎర్ర పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి, ఒంటి డెక్క ఊపుతూ, పండగ చేసుకునేవి. బురద గట్ల మీదనుంచి నీటికుక్క పిల్లలు జర్రున జారి పాయలో పడేవి. కొంగపిల్లలు గూళ్ళలోంచి తొంగిచూసి, "మేమూ జారతాం, మేమూ జారతాం" అని గోల పెట్టేవి.

అలా ఉండగా ఒక ఏడు ఉప్పెన వచ్చింది.

మూడు రోజులు గాలి. మూడు రోజులు వాన. నాలుగో రోజు చూస్తే పాయ మూతి దగ్గర ఒక మహావృక్షం అడ్డంగా కూలి ఉంది. దాని కొమ్మల్లో చెత్త ఇరుక్కుంది. చెత్తలో ఒండ్రు పట్టింది. పోటు సన్నగా, ఏడుస్తూ ఏడుస్తూ వచ్చింది.

ఆ వారంలోనే అమావాస్య. నీటికుక్కల పెద్ద పేరు మీసాల తాత. ఆయన పొద్దుటినుంచీ వెతికి వెతికి, చిటికెనవేలంత చేపని పట్టి తెచ్చాడు. కొంగల పెద్ద పేరు నిక్కుమెడ. పేరుకి తగ్గట్టు ఆయన మెడ ఎప్పుడూ కిందికి దిగదు. ఆ చేపని ఒంటికంటితో చూశాడు.

"ఇదేంటి బావా, పోటుచేపా? లేకపోతే దోమనేమన్నా పట్టుకొచ్చావా?" అన్నాడు.

"దొరికింది తెచ్చాను బావా. నీళ్ళే లేవు," అన్నాడు మీసాల తాత చిన్నబుచ్చుకుని.

నిక్కుమెడ ఆ చేపని ముక్కుతో విసిరి అవతల పారేశాడు.

మర్నాడు ఆ కూలిన చెట్టు పక్కన ఒక పెద్ద పండుగప్ప చేప ముల్లు కనబడింది. తలనుంచి తోక దాకా ఒక్క ఎముక పోకుండా, అద్దంలా మెరిసిపోతోంది.

"చూశారా! మంచి చేప వాళ్ళు మెక్కి, దోమని మన మొహాన కొట్టారు!" అన్నాడు నిక్కుమెడ.

"మనం కాదు, వాళ్ళే తిని మనమీదకి తోస్తున్నారు!" అన్నాడు మీసాల తాత.

అంతే. ఆ ముల్లుని రుజువు కింద చెట్టు మొదట్లో ఎత్తున పెట్టారు. కూలిన చెట్టే సరిహద్దు అయింది. "లోపలంతా మాది," అన్నాయి నీటికుక్కలు. "సముద్రం వైపంతా మాది," అన్నాయి కొంగలు. అవతలివాళ్ళు ఇటు రాకూడదని ఇద్దరూ ఆ చెట్టు మీద రోజూ బురద ఎత్తి పోశారు. నీటికుక్కలు జానెడు పోస్తే కొంగలు రెండు జానలు పోశాయి. కొంగలు రెండు పోస్తే నీటికుక్కలు మూడు పోశాయి. అలా పెద్ద గట్టు లేచింది. చూడండర్రా, తగువులో ఉన్నా ఆ ఒక్క పనిలో మాత్రం ఇద్దరూ ఎంత కష్టపడ్డారో!

గట్టు లేచాక పోటు లోపలికి రావడం మానేసింది. మొదటి ఏడు లోపలి బురద ఎండి పగిలి, ఉప్పు పేరుకుని తెల్లబడింది. రెండో ఏడు చెట్లు ఆకులు రాల్చి మోడులైపోయాయి. మూడో ఏడు చేప మాయమైంది. కొంగల వైపు నీళ్ళున్నాయి కదా, వాటికేం తక్కువ అంటారేమో. నీళ్ళున్నాయి గానీ చేప ఏది? చేపపిల్లలు పెరిగేది లోపలి చెట్ల వేళ్ళ మధ్య. ఉయ్యాల విరిచేసి పిల్ల ఏదంటే ఎలా?

ఆఖరికి అడవి మొత్తానికి ఒకే ఒక పచ్చని చెట్టు మిగిలింది. గట్టు పక్కన ఉన్న ముసలి తెల్లమడ. సముద్రం వైపు వేళ్ళకి కాస్త నీళ్ళు అందుతున్నాయి కాబట్టి బతికింది. ఆ చెట్టు కొమ్మన ఒక కొంగ గూడు కట్టుకుని మూడు గుడ్లు పెట్టింది. దాని పేరు ఒంటికాలమ్మ. ఆ చెట్టు వేళ్ళ కిందే ఒక నీటికుక్క బొరియ చేసుకుని రెండు పిల్లల్ని కంది. దాని పేరు జారుబండ. ఇద్దరికీ ఇంకెక్కడా చోటు లేదు.

"ఏయ్ కొంగా! నీ రెట్ట మా పిల్లల నెత్తిన పడుతోంది!" అని అరిచేది జారుబండ.

"ఏయ్ నీటికుక్కా! నీ బొరియ కంపుకి మా గుడ్లు లోపలే తుమ్ముతున్నాయి!" అని అరిచేది ఒంటికాలమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఈదురుగాలి వచ్చి చెట్టు ఒక పక్కకి ఒరిగింది. గూడు జారింది. జారుబండ పరుగున వచ్చి, వేళ్ళ కింద తడిమట్టి కూరి, వీపు ఆనించి, గాలి ఆగేదాకా చెట్టుని మోసింది. తన బొరియ కూలిపోతుందని మోసింది లెండి, గుడ్ల కోసం కాదు. అయినా గుడ్లు మిగిలాయి.

మర్నాడు ఒంటికాలమ్మ ఎటో చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "ఆ దక్షిణం వైపు గుంటలో రెండు చేపలు చిక్కుకుని కొట్టుకుంటున్నాయి. పైనుంచి చూసేవాళ్ళకి కనబడతాయి. కిందుండేవాళ్ళకి కనబడవు మరి."

జారుబండ వెళ్ళి చేపలు తెచ్చింది. ఒకటి పిల్లలకి పెట్టింది. రెండోది చెట్టు మొదట్లో వదిలేసి బొరియలోకి దూరిపోయింది.

ఇంతలో పెద్దలు తీర్మానాలు చేసుకున్నారు. "కొమ్మలు మావి. అమావాస్య నాటికి నీటికుక్క పోకపోతే పిల్లల్ని ముక్కున కరుచుకుపోయి సముద్రంలో వేస్తాం," అన్నాడు నిక్కుమెడ. "వేళ్ళు మావి. అమావాస్య నాటికి కొంగ పోకపోతే వేళ్ళు తవ్వి చెట్టునే కూల్చేస్తాం," అన్నాడు మీసాల తాత.

అమావాస్య పొద్దున్న రానే వచ్చింది. గట్టుకి అటు కొంగల దండు. ఇటు నీటికుక్కల దండు. మధ్యలో చెట్టు. చెట్టు మీద గుడ్లు, చెట్టు కింద పిల్లలు.

జారుబండ బొరియలోంచి బయటికొచ్చింది. అందరూ కొట్లాటకే వచ్చిందనుకున్నారు. అది గట్టెక్కి కాళ్ళతో బురద తవ్వి తీయడం మొదలుపెట్టింది.

"ఒసేయ్ మనవరాలా! గట్టు తీస్తే వాళ్ళు లోపలికొచ్చేస్తారే!" అని కేకలేశాడు మీసాల తాత.

"వచ్చి ఏం పట్టుకుపోతారు తాతా? ఉప్పా?" అంది జారుబండ. తవ్వుతూనే ఉంది.

"వెర్రిదానా, నీ పిల్లలు ఒంటరిగా ఉన్నారు! పైన కొంగ ఉంది!"

జారుబండ ఒక్క క్షణం ఆగింది. పైకి చూసింది. "వదినా!" అని పిలిచింది. ఆ పిలుపు వినబడి మూడేళ్ళయింది. ముసలి కొంగల కళ్ళు చెమర్చాయి. "వదినా, నేను పనిలో ఉన్నాను. పిల్లల్ని కాస్త చూస్తూ ఉండు."

ఒంటికాలమ్మ గూడు మీదనుంచి లేచింది. కిందికి వాలింది. ఆ కత్తిలాంటి ముక్కు పిల్లల నెత్తిమీదకి వచ్చింది. నీటికుక్కలన్నీ కెవ్వుమన్నాయి. ఒంటికాలమ్మ రెండు రెక్కలూ చాచి పిల్లల మీద ఎండ పడకుండా గొడుగు పట్టింది.

"నిక్కుమెడ బాబాయ్! నేనిక్కడ ఉన్నాను కదా, కాసేపు నా గుడ్ల మీద ఎవరన్నా కూచోండి. చల్లారిపోతాయి," అంది.

ఒక ముసలి కొంగ ఎగిరొచ్చి గుడ్ల మీద కూచుంది. మీసాల తాత గొణుక్కుంటూ గట్టెక్కాడు. "ఆడపిల్ల ఒక్కతే తవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాం అనిపించుకుంటామా?" అని తానూ ఒక చెయ్యి వేశాడు. ఇంకేముంది, నీటికుక్కలన్నీ దిగాయి.

కానీ లోపల మూడేళ్ళుగా ఎండిన నేల. పాత పాయ ఎక్కడుండేదో ఎవరికీ ఆనవాలు దొరకలేదు. ఒకడు తూర్పుకి తవ్వితే ఒకడు పడమరకి తవ్వాడు. అది చూసి నిక్కుమెడ ఉండబట్టలేకపోయాడు. "అయ్యో అయ్యో, వంకర! వంకర! మీకు సూటిగా వెళ్ళడం ఏనాడు తెలుసు గనక!" అంటూ ఎగిరొచ్చి, పాత పాయ మొదట్లో గూటం పాతినట్టు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకో కొంగ, దాని వెనక ఇంకో కొంగ. బారుగా నిలబడ్డాయి. కొంగనుంచి కొంగకి నీటికుక్కలు తవ్వుకుంటూ పోయాయి.

మధ్యాహ్నం పోటు వచ్చింది. నీళ్ళు హోరున కాలువలో దూరి ఆ చివరిదాకా పోయాయి. అందరూ ఈలలు వేశారు. పాటు తీయగానే ఎంత జోరుగా వచ్చాయో అంత జోరుగా వెళ్ళిపోయాయి. పోతూ పోతూ గట్లు కూల్చేశాయి. పక్కనున్న నేల తడవనే లేదు.

వెంటనే మళ్ళీ మొదలు!

"మీకు తవ్వడం చేతకాదు!" అన్నాయి కొంగలు.

"మీకు నిలబడడం చేతకాదు!" అన్నాయి నీటికుక్కలు.

నిక్కుమెడకి ఒళ్ళు మండిపోయింది. రివ్వున వెళ్ళి ఆ పాత ముల్లు పట్టుకొచ్చి కాలువ పక్కన బురదలో విసిరేశాడు. "ఇదిగో మీ నిజాయితీ! పండుగప్ప తిని మాకు దోమనిచ్చిన బుద్ధి!"

అప్పుడు బురదలోంచి ఎవరో దగ్గారు. రెండు కళ్ళు పైకొచ్చాయి. తర్వాత రెండు డెక్కలు. అడ్డనడక అనే ముసలి పీత.

"ఆ పండుగప్పని తిన్నది మేము," అంది పీత. "ఉప్పెనలో లోపలికొచ్చి, చెట్టడ్డం పడ్డాక చిక్కుకుపోయింది. నీళ్ళు కాగిపోయి చచ్చిపోయింది. మా వాళ్ళం నలభైమందిమి రాత్రీ పగలూ తిన్నాం. బాగుంది కూడాను."

అందరూ ముల్లు వైపు చూశారు.

"అయినా మీకు అనుమానం రాలేదా?" అంది పీత. "నీటికుక్క తింటే ముల్లు కూడా కరకరా నమిలేస్తుంది. కొంగ తింటే ముల్లుతో సహా మింగేస్తుంది. ముల్లు అంత శుభ్రంగా వదిలేది పీత ఒక్కటే!"

"మరి మూడేళ్ళ నుంచి ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు మీసాల తాత.

"ఎవరడిగారు? పైగా నేను బయటికొస్తే, కొట్లాట ఆపి ఇద్దరూ కలిసి నన్నే తినేవారు!"

జారుబండ ఫక్కున నవ్వింది. దాన్ని చూసి ఒంటికాలమ్మ నవ్వింది. నవ్వు పాకి పాకి అందరికీ అంటుకుంది. నిక్కుమెడ మాత్రం నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మెడ కిందికి దిగింది.

"బావా, ఆ రోజు నువ్వు తెచ్చిన చేపని పారేశాను," అన్నాడు.

"పొద్దుటినుంచీ వెతికాను బావా," అన్నాడు మీసాల తాత.

ఇంతలో చెట్టెక్కి గుడ్ల దగ్గరికి వెళ్ళిన ఒంటికాలమ్మ పైనుంచి గట్టిగా పిలిచింది. "వదినా! ఆ ముల్లు అలాగే ఉంచు, ఎవరూ ముట్టుకోకండి! దాన్ని పైనుంచి చూస్తే మన పాత పాయలాగే ఉంది. మధ్యలో వెన్నెముక. అటూ ఇటూ ఏటవాలుగా సన్నముళ్ళు. మా అమ్మ నన్ను మొదటిసారి ఎగరనిచ్చినప్పుడు ఇలాగే కనబడింది!"

జారుబండ కళ్ళు మూసుకుని తలాడించింది. "నిజమే వదినా. చిన్నప్పుడు ఈదుతుంటే పక్కనుంచి చల్లగా సన్నని కాలువలు తగిలేవి. మనం వెన్నెముక ఒక్కటే తవ్వాం. ముళ్ళు మర్చిపోయాం."

ఇక చూడాలి ఆ పని! బురదలో ముల్లు పెట్టుకుని, దాన్ని చూసి కొంగలు ఏటవాలుగా బారులు తీరాయి. నీటికుక్కలు తవ్వాయి. సందుల్లో పీతలు బొరియలు చేసి నేలని గుల్ల చేశాయి. ఈసారి పోటు వచ్చి వెన్నెముకలోంచి ముళ్ళలోకి, ముళ్ళలోంచి నేలలోకి మెల్లగా పాకింది. పాటు తీసినప్పుడు మెల్లగా వెళ్ళింది. పోతూ పోతూ కాస్త కాస్త ఉప్పుని వెంట తీసుకుపోయింది.

తర్వాత విత్తనం కావాలి కదా. ఉప్పుపొన్న అని ఒక చెట్టుంది. దాని కాయ తల్లి ఒడిలోనే మొలకెత్తుతుంది. మూరెడు మొలకై, అప్పుడు దిగుతుంది. కొంగలు దూరపు లంకలకి ఎగిరి ఆ మొలకల్ని ముక్కున తెచ్చాయి. నీటికుక్కలు బురదలో గుచ్చాయి. ముసలివాడైపోయిన మీసాల తాత కూడా రోజుకొకటి గుచ్చేవాడు.

"నీకెందుకు తాతా ఈ కష్టం? ఇవి పెరిగేసరికి..." అని మాట మింగేసింది జారుబండ.

"పెరిగితే మీరు చూసుకోండే. నాకు ఆ పాత బురద వాసన ఒక్కసారి ముక్కుకి తగిలితే చాలు," అన్నాడు తాత.

మొదటి ఏడు మొలకలు రెండాకులేశాయి. రెండో ఏడు వేళ్ళు కాళ్ళలా చాచాయి. మూడో ఏడు, ఒక అమావాస్య పొద్దున్న, మీసాల తాత ఆ వేళ్ళ మధ్య నీళ్ళలో మూతి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పైకి లేచేసరికి ఆయన నోట్లో ఒక చేప ఉంది. చిటికెనవేలంత చేప.

దాన్ని మెల్లగా మోసుకుంటూ నిక్కుమెడ దగ్గరికి నడిచాడు. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

"పోటుచేప బావా," అన్నాడు. "దొరికింది తెచ్చాను."

నిక్కుమెడ మెడ బాగా వంచాడు. చేపని ముక్కుతో సుతారంగా అందుకున్నాడు. నాలుగడుగులు వేసి, పొన్న వేళ్ళ మధ్య నీళ్ళలో దాన్ని వదిలాడు. అది తోక ఆడించి లోపలికి దూరిపోయింది.

"అందింది బావా," అన్నాడు. "ఎంత పెద్ద చేపో!"

పక్కన బురదగట్టు మీదనుంచి జారుబండ ఆ ఏడు కన్న పిల్లలు జర్రున జారాయి. వాటి వెనకే ఒంటికాలమ్మ కొత్త పిల్ల ఒకటి, రెక్కలు చాచి, జారబోయి బోర్లా పడింది.

"మరి మీసాల తాత చెట్ల నీడ చూశాడా అమ్మా?" అని నేను అడిగేశాను. మా అమ్మ కోప్పడలేదు. మా పడవ పక్కన పాకిన పొన్న వేళ్ళని చేత్తో తడిమింది. అంతలో అడుగున నీళ్ళు గలగలమన్నాయి. పడవ ఒక్కసారి ఊగి, బురదలోంచి పైకి లేచింది. పోటొచ్చింది.

నీతి: ఇద్దరికీ కూడు పెట్టే నేలనీ నీళ్ళనీ ఇద్దరూ కలిసి బాగుచేసుకుంటే, ఎంత పాత పగైనా ఆ పనిలోనే కరిగిపోతుంది.